హీమోఫిలియా బాధితులకు సర్కారు సాయం: ఏది, ఎవరికి, ఎలా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: చిన్న దెబ్బ తగిలితే నెత్తురు కారుతుంది, కాసేపటికి గడ్డకట్టి ఆగిపోతుంది. ఆరోగ్యవంతులు దీని గురించి ఆలోచించరు. హీమోఫిలియాతో పుట్టిన బిడ్డకు మాత్రం ఆ ఆగడమే పెద్ద సమస్య. ఒకసారి మొదలైన రక్తస్రావం గంటలు, రోజుల తరబడి సాగుతుంది. పైకి కనిపించే గాయం కన్నా మోకాలు, మోచేయి, చీలమండ లోపల కనిపించకుండా కారే నెత్తురే ఎక్కువ హాని చేస్తుంది. సకాలంలో మందు అందితే ఈ వ్యాధి ఉన్నవారు అందరిలా చదువుకొని, ఉద్యోగం చేసుకొని, నిండు జీవితం గడపగలరు. మందు అందకపోతే ఇరవై ఏళ్లు నిండకముందే కాళ్లు వంగి మంచాన పడే ప్రమాదం ఉంది. ఈ మందు ఖరీదైనది, జీవితాంతం అవసరమైనది. సాధారణ రైతు, నేతన్న, కూలీ కుటుంబాలు సొంత సొమ్ముతో భరించగలిగే వ్యయం కాదు. అందువల్ల ప్రభుత్వ నిధులే వీరికి ఆధారం. వ్యాధి స్వరూపం, చికిత్స, పింఛను, చట్టబద్ధమైన హక్కులు, రాయితీల వివరాలు జిల్లా పాఠకుల కోసం ఇక్కడ ఒకచోట అందిస్తున్నాం.

వ్యాధి స్వరూపం

రక్తం గడ్డకట్టడానికి శరీరంలో పలు ప్రొటీన్లు ఒకదాని వెంట ఒకటి పనిచేయాలి. వీటిని వైద్యులు ఫ్యాక్టర్లు అంటారు. ఎనిమిదో ఫ్యాక్టర్ లోపిస్తే హీమోఫిలియా-ఎ, తొమ్మిదో ఫ్యాక్టర్ లోపిస్తే హీమోఫిలియా-బి వస్తుంది. మగ శిశువుల్లో సుమారు 5 వేల మందికి ఒకరు ‘ఎ’ రకంతో పుడతారని అంచనా. ‘బి’ రకం అంతకన్నా బాగా అరుదు. 1952లో ఈ రెండో రకాన్ని విడిగా గుర్తించినప్పుడు, అప్పుడు పరీక్షించిన బాలుడు స్టీఫెన్ క్రిస్మస్ పేరు మీదుగా దానికి క్రిస్మస్ వ్యాధి అనే పేరు కూడా వచ్చింది.

రక్తంలో ఫ్యాక్టర్ ఉండవలసిన పరిమాణంలో 1 శాతం కన్నా తక్కువ ఉంటే తీవ్రమైనదిగా, 1 నుంచి 5 శాతం ఉంటే మధ్యస్థంగా, 5 శాతం దాటి 40 శాతం లోపు ఉంటే స్వల్పమైనదిగా లెక్కిస్తారు. తీవ్ర రకంలో దెబ్బ తగలకపోయినా కీళ్లలో, కండరాల్లో రక్తస్రావం జరుగుతుంది. స్వల్ప రకం మాత్రం పన్ను పీకించుకున్నప్పుడో, శస్త్రచికిత్స జరిగినప్పుడో బయటపడుతుంది. అంతవరకు ఆ వ్యక్తికి తనకు వ్యాధి ఉందన్న సంగతే తెలియకపోవచ్చు.

ఇది అంటువ్యాధి కాదు. పాపం, శాపం అసలే కాదు. బ్రిటన్ రాణి విక్టోరియా ఈ లోపానికి వాహకురాలు. ఆమె సంతతి ద్వారా ఐరోపా రాజకుటుంబాలకు ఇది పాకింది. రష్యా చివరి జార్ చక్రవర్తి రెండో నికోలస్ కుమారుడు అలెక్సీ హీమోఫిలియా బాధితుడే. రాజప్రాసాదంలో ఉన్నా నాడు మందు లేదు. నేడు మందు ఉంది, అది పేదవాడి గడపకు చేరడమే మిగిలింది.

ఇంట్లో ఎలా గుర్తించాలి?

బిడ్డ పాకడం, నడవడం మొదలుపెట్టే వయసులో ఒంటిపై కారణం లేకుండా నీలిమచ్చలు, బొప్పులు కనిపిస్తాయి. చెవులు కుట్టించినప్పుడు, సున్నతి చేయించినప్పుడు, పాలపళ్లు ఊడినప్పుడు నెత్తురు ఎంతకీ ఆగదు. టీకా వేసిన చోట తొడ గట్టిగా వాస్తుంది. కాస్త పెద్దయ్యాక మోకాలు వేడెక్కి ఉబ్బి, బిడ్డ కాలు కదపనీయడు. బెణుకు అనుకొని కట్లు కట్టించడం, పసర్లు పూయించడం, తోమించడం పల్లెల్లో పరిపాటి. తోముడు వల్ల రక్తస్రావం మరింత పెరుగుతుంది.

అనుమానం వచ్చినప్పుడు మొదట చేసే పరీక్షలు సామాన్యమైనవే. ప్లేట్‌లెట్ల సంఖ్య, పీటీ పరీక్ష మామూలుగా ఉండి, ఏపీటీటీ పరీక్షలో మాత్రం గడ్డకట్టే సమయం ఎక్కువగా కనిపిస్తే హీమోఫిలియాను అనుమానించాలి. తర్వాత ఏ ఫ్యాక్టర్, ఎంత శాతం ఉందో తేల్చే ఫ్యాక్టర్ అస్సే పరీక్ష చేయించాలి. దీనికి ప్రత్యేక ప్రయోగశాల కావాలి. పింఛనుకైనా, వైకల్య ధ్రువపత్రానికైనా ఈ నివేదికే మూలపత్రం. కనుక దీన్ని భద్రపరచడం ముఖ్యం.

మేనరికం వల్లే వస్తుందా?

రాయలసీమలో మేనరికాలు ఎక్కువ కావడంతో ఈ వ్యాధికి అవే కారణమన్న నమ్మకం బలంగా ఉంది. ఇది సగమే నిజం. హీమోఫిలియాకు కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. మగవారికి ఎక్స్ ఒకటే కాబట్టి అది లోపిస్తే వ్యాధి వస్తుంది. ఆడవారికి రెండు ఉంటాయి కాబట్టి ఒకటి లోపించినా సాధారణంగా రెండోది కాపాడుతుంది. ఆమె వాహకురాలు అవుతుంది. వాహకురాలైన తల్లికి పుట్టే ప్రతి మగబిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం సగం. ప్రతి ఆడబిడ్డ వాహకురాలయ్యే అవకాశమూ సగమే. తండ్రికి వ్యాధి ఉండి తల్లి వాహకురాలు కాకపోతే మగపిల్లలెవరికీ రాదు, ఆడపిల్లలందరూ వాహకులవుతారు. అంటే భర్త పరాయి సంబంధమైనా, వాహకురాలైన తల్లి బిడ్డకు వ్యాధి రావచ్చు. సుమారు మూడోవంతు కేసుల్లో కుటుంబంలో పూర్వం ఎవరికీ లేకుండా కొత్తగా జన్యుమార్పు జరిగి వ్యాధి పుడుతుంది. కాబట్టి తల్లినో, ఆమె పుట్టింటినో నిందించడం అన్యాయం.

మేనరికంతో ముప్పు పెరిగే సందర్భం ఒకటుంది. వ్యాధి ఉన్న మేనమామకు అక్క కూతురినిచ్చి పెళ్లి చేశారనుకుందాం. అతని తల్లి వాహకురాలైతే అక్క వాహకురాలయ్యే అవకాశం సగం, అక్క కూతురు వాహకురాలయ్యే అవకాశం పావు వంతు. ఆ అమ్మాయి నిజంగా వాహకురాలైతే మగపిల్లల్లో సగం మందికి వ్యాధి రావచ్చు, ఆడపిల్లల్లో సగం మందికీ రావచ్చు. ఆడపిల్లల్లో తీవ్రమైన హీమోఫిలియా అరుదుగా కనిపించడానికి ఇలాంటి వివాహాలు ఒక కారణం. ఏడు, పది, పదమూడో ఫ్యాక్టర్ల లోపాలు, గ్లాంజ్‌మన్ వ్యాధి వంటి ఇతర అరుదైన రక్తస్రావ వ్యాధులు మాత్రం తల్లిదండ్రులిద్దరి నుంచి సంక్రమిస్తాయి. వాటి విషయంలో దగ్గరి సంబంధాలు ముప్పును స్పష్టంగా పెంచుతాయి.

వాహకురాలా కాదా అన్నది జన్యు పరీక్షతో పెళ్లికి ముందే తేల్చుకోవచ్చు. గర్భస్థ శిశువుకు వ్యాధి ఉందో లేదో మొదటి త్రైమాసికం చివర్లో పరీక్షించే వీలుంది. 1994 నాటి గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం లింగ సంబంధ జన్యువ్యాధుల నిర్ధారణకు మినహాయింపు ఇచ్చింది. అయితే రిజిస్టరైన కేంద్రాల్లోనే, చట్టం చెప్పిన పద్ధతిలోనే చేయించుకోవాలి.

చికిత్స నడిచిన దారి

ఒకప్పుడు నెత్తురు ఎక్కించడం తప్ప మార్గం లేదు. 1964లో అమెరికా శాస్త్రవేత్త జుడిత్ పూల్ ప్లాస్మా నుంచి క్రయోప్రెసిపిటేట్ వేరుచేసే పద్ధతిని ప్రకటించారు. ఎనిమిదో ఫ్యాక్టర్ అధికంగా ఉండే ఈ పదార్థం రక్తనిధుల్లోనే తయారవుతుంది. ఇందులో తొమ్మిదో ఫ్యాక్టర్ ఉండదు. కనుక ‘బి’ రకం రోగికి క్రయో ఎక్కిస్తే ప్రయోజనం లేదు. తర్వాత వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టర్ పొడి వచ్చింది. 1980లలో ఆ మందు ద్వారానే ప్రపంచవ్యాప్తంగా వేలాది బాధితులకు హెచ్ఐవీ, హెపటైటిస్-సి సోకాయి. ఆ విషాదం తర్వాత వైరస్‌ను నిర్వీర్యం చేసే పద్ధతులు, ప్లాస్మాతో పని లేకుండా ప్రయోగశాలలో తయారయ్యే ఫ్యాక్టర్లు వచ్చాయి.

1963లో ఫ్రాంక్ ష్నాబెల్ ప్రపంచ హీమోఫిలియా సమాఖ్యను స్థాపించారు. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 17ను 1989 నుంచి ప్రపంచ హీమోఫిలియా దినంగా పాటిస్తున్నారు. మన దేశంలో 1983లో ఏర్పడిన హీమోఫిలియా ఫెడరేషన్ ఆఫ్ ఇండియా శాఖల ద్వారా పనిచేస్తోంది. పొరుగున కర్ణాటకలోని దావణగెరెలో స్వయంగా ఈ వ్యాధితో పుట్టి, వైద్యుడై, బాధితుల కోసం కేంద్రాన్ని నడిపిన డాక్టర్ సురేశ్ హనగవాడి ఉదాహరణ చెప్పుకోదగ్గది.

మందు లెక్క ఇదీ

ఎనిమిదో ఫ్యాక్టర్‌ను కిలో బరువుకు ఒక యూనిట్ చొప్పున ఇస్తే రక్తంలో దాని స్థాయి 2 శాతం పెరుగుతుంది. తొమ్మిదో ఫ్యాక్టర్ అయితే ఒక శాతమే పెరుగుతుంది. 20 కిలోల బాలుడికి మోకాలిలో రక్తస్రావం జరిగి, స్థాయిని 40 శాతానికి పెంచాలనుకుంటే ‘ఎ’ రకంలో 400 యూనిట్లు, ‘బి’ రకంలో 800 యూనిట్లు కావాలి. ఎనిమిదో ఫ్యాక్టర్ 8 నుంచి 12 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. కాబట్టి ఒక్క మోతాదుతో సరిపోకపోవచ్చు. తలకు దెబ్బ తగిలితే, పెద్ద శస్త్రచికిత్స చేయాల్సివస్తే వేల యూనిట్లు రోజుల తరబడి ఇవ్వాలి.

రక్తస్రావం జరిగాక ఇచ్చే మందు ఒక పద్ధతి. జరగకుండా వారానికి రెండు మూడుసార్లు ముందుగానే ఇచ్చే నివారణ చికిత్స రెండోది. కీళ్లను కాపాడేది రెండోదే. ఒకే కీలులో పదేపదే నెత్తురు చేరితే లోపలి పొర వాచి, మృదులాస్థి అరిగి, కీలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత మందు ఇచ్చినా పూర్వస్థితి రాదు. ధర్మవరం గుంతమగ్గంపై కాళ్లతో తొక్కి నేసే నేతన్నకైనా, పొలంలో గుంటక తోలే రైతుకైనా మోకాలు పోతే జీవనాధారం పోయినట్లే.

తక్కువ మోతాదు నివారణ చికిత్సలో 20 కిలోల బాలుడికి వారానికి రెండుసార్లు 250 యూనిట్ల సీసా ఇచ్చినా ఏడాదికి 26 వేల యూనిట్లు అవుతాయి. వయసుతో బరువు పెరిగేకొద్దీ ఈ లెక్కా పెరుగుతుంది. ధర ఒక్కటే కాదు, ఏడాది పొడవునా తెగకుండా సరఫరా కావడం కూడా అంతే ముఖ్యం. మూడు నెలలు ఇచ్చి రెండు నెలలు ఆపితే ఆ రెండు నెలల్లోనే కీలు దెబ్బతింటుంది.

నిధులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. హీమోఫిలియా మందుల కొనుగోలుకు రాష్ట్ర బడ్జెట్‌తో పాటు జాతీయ ఆరోగ్య మిషన్ నిధులు మరో మార్గం. రాష్ట్రాలు ఏటా తమ కార్యక్రమ అమలు ప్రణాళికలో అవసరాన్ని చూపి అడిగితే కేంద్రం పరిశీలించి ఆమోదిస్తుంది. ఈ మిషన్‌లో కేంద్రం 60 శాతం, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు 40 శాతం భరిస్తాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎంతమంది బాధితులు నమోదయ్యారన్న దాన్నిబట్టే ఎంత మందు కావాలో చూపగలరు. పేరు నమోదు కాని రోగి ప్రణాళికలో లేనట్లే. ఎనిమిదో, తొమ్మిదో ఫ్యాక్టర్లు జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఇవి విలాసపు మందులన్న వాదనకు తావులేదు.

2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద రోగికి ఇచ్చే సాయాన్ని 2022లో రూ.50 లక్షల వరకు పెంచారు. చాలామంది ఈ వార్త చూసి హీమోఫిలియాకూ వర్తిస్తుందని ఆశపడ్డారు. ఆ విధానం సాయం కోసం వర్గీకరించిన జబితాలో ఎక్కువగా ఎంజైమ్ లోపాల వంటి జీవక్రియ వ్యాధులు ఉన్నాయి. హీమోఫిలియా బాధితులకు ప్రధాన మార్గం రాష్ట్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత ఫ్యాక్టర్ సరఫరానే.

ఆరోగ్యశ్రీ పథకంతో మన ప్రాంతానికి ప్రత్యేక అనుబంధం ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో నాటి ఉమ్మడి అనంతపురం ఒకటి. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో అమలవుతోంది. ఇలాంటి పథకాల రూపకల్పన ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలు, శస్త్రచికిత్సల ప్యాకేజీల చుట్టూ ఉంటుంది. వారం వారం జీవితాంతం తీసుకునే ఇంజెక్షన్‌కు ఈ చట్రం సరిగా అమరదు. ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు మాత్రం అక్కడి ఆరోగ్యమిత్రను సంప్రదించి, ఆ చికిత్స జాబితాలో ఉందో లేదో ముందే తెలుసుకోవడం మంచిది.

నెలకు రూ.10 వేల పింఛను

రాష్ట్ర ప్రభుత్వం 2020 జనవరి నుంచి తలసీమియా, సికిల్‌సెల్ వ్యాధిగ్రస్తులతో పాటు తీవ్ర హీమోఫిలియా బాధితులకు నెలకు రూ.10 వేల పింఛను మంజూరు చేసింది. ఎనిమిదో లేదా తొమ్మిదో ఫ్యాక్టర్ 2 శాతం కన్నా తక్కువ ఉండాలన్నది నిబంధన. 2024 జులైలో ఎన్టీఆర్ భరోసా పేరుతో పలు రకాల పింఛన్లు పెరిగినప్పుడు ఈ విభాగానికి రూ.10 వేలే కొనసాగింది.

ఈ 2 శాతం గీత దగ్గర జాగ్రత్త అవసరం. వైద్యపరంగా తీవ్రమైనదంటే 1 శాతం లోపు. పింఛను నిబంధన మాత్రం 2 శాతం. అంటే నివేదికలో ‘మధ్యస్థం’ అని రాసి ఉన్నా, అంకె 2 శాతం లోపు ఉంటే అడిగే హక్కు ఉంది. నివేదికపై ఉన్న మాట కాక అంకెను చూడాలి. 3, 4 శాతం ఉండి కీళ్లు దెబ్బతిన్నవారు ఈ పింఛనుకు రారు. వారు దివ్యాంగుల పింఛనుకు అర్హత ఉందేమో చూసుకోవాలి.

పింఛను బతుకుతెరువుకు ఆసరా మాత్రమే. మందుకు ప్రత్యామ్నాయం కాదు. ఉచిత ఫ్యాక్టర్ అందుతూ పింఛను కూడా వస్తే ఆ సొమ్ము ప్రయాణాలకు, బలమైన ఆహారానికి, చదువుకు అక్కరకొస్తుంది. ఫ్యాక్టర్ అందకపోతే అది మందుల దుకాణానికే వెళ్లిపోతుంది.

చట్టం ఇచ్చిన హక్కులు

2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో హీమోఫిలియా ఉంది. వైకల్యం 40 శాతం, అంతకుమించి ఉన్నట్లు ధ్రువీకరణ పొందితే 18 ఏళ్ల వరకు ఉచిత విద్యకు హక్కు ఉంటుంది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల కోటాలో పోటీపడవచ్చు. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం కోటా జాబితాలో మాత్రం రక్త సంబంధ వ్యాధులను చేర్చలేదు. బాధితుల సంఘాల చిరకాల అసంతృప్తి ఇదే. కీళ్లు దెబ్బతిని చలన వైకల్యం 40 శాతానికి చేరినవారు ఆ విభాగంలో ధ్రువపత్రం పొందితే ఉద్యోగ కోటాకు అర్హులవుతారు. సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

దూరభారం

రక్తస్రావం మొదలైన రెండు గంటల్లోపే ఫ్యాక్టర్ పడాలని వైద్యులు చెబుతారు. మన మూడు పట్టణాల భౌగోళిక స్థితి ఇక్కడే అసలు సమస్య అవుతుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. ప్రభుత్వ వైద్య కళాశాల, దానికి అనుబంధమైన సర్వజన ఆస్పత్రి మాత్రం అనంతపురంలోనే ఉండిపోయాయి. ధర్మవరం నుంచి అక్కడికి 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. పెనుకొండ నుంచి 70 పైచిలుకు. హిందూపురం నుంచి సుమారు 110. హిందూపురం వాసులకు బెంగళూరు కూడా దాదాపు అంతే దూరం. అందుకే చాలామంది బెంగళూరుకే వెళతారు. అయితే కర్ణాటక ప్రభుత్వం తన నిధులతో కొన్న మందుపై ఆంధ్ర చిరునామా ఉన్నవారికి హక్కు ఉండదు. రాష్ట్ర సరిహద్దు దగ్గర నివసించేవారి ఇబ్బంది ఇది. మడకశిర, లేపాక్షి, చిలమత్తూరు పల్లెలదీ ఇదే కథ.

రాష్ట్రంలో తలపెట్టిన 17 కొత్త వైద్య కళాశాలల్లో పెనుకొండ ఒకటి. అది పూర్తిస్థాయిలో పనిచేసే రోజు వస్తే మూడు పట్టణాల మధ్యలో నిపుణుల వైద్యం దొరుకుతుంది. అంతదాకా హిందూపురం జిల్లా ఆస్పత్రి, ధర్మవరం ప్రాంతీయ ఆస్పత్రి అత్యవసర విభాగాల్లో కొద్దిపాటి ఫ్యాక్టర్ నిల్వ, దాన్ని ఎక్కించడం తెలిసిన నర్సు ఉంటే ఎన్నో కీళ్లు, కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. ఫ్యాక్టర్ నిల్వకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. టీకాలు ఉంచే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్ చాలు.

గుంతకల్లు-బెంగళూరు రైలు మార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడింటినీ కలుపుతుంది. చికిత్స, క్రమబద్ధ పరీక్షల కోసం వెళ్లే తీవ్ర, మధ్యస్థ హీమోఫిలియా రోగులకు, తోడుగా వెళ్లే ఒకరికి రైల్వే 75 శాతం రాయితీ ఇస్తుంది. రెండో తరగతి, స్లీపర్, మొదటి తరగతి, థర్డ్ ఏసీ, ఏసీ చైర్‌కార్‌లకు ఇది వర్తిస్తుంది. నిర్ణీత నమూనాలో ఆస్పత్రి ఇచ్చిన ధ్రువపత్రం చూపాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల మహిళలకు ఛార్జీ లేదు. బిడ్డను అనంతపురం తీసుకెళ్లే తల్లికి ఇది కొంత ఊరట.

కొత్త మందులు, కొత్త ఆశలు

తీవ్ర ‘ఎ’ రకం రోగుల్లో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు మందికి, ఇస్తున్న ఫ్యాక్టర్‌ను శరీరమే శత్రువుగా భావించి నిరోధకాలను తయారుచేస్తుంది. అప్పుడు మామూలు ఫ్యాక్టర్ పనిచేయదు. మరింత ఖరీదైన బైపాస్ మందులు కావాలి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ అనే మందు ఈ చిక్కుకు మంచి పరిష్కారమైంది. దీన్ని నరంలోకి కాక చర్మం కిందికి, వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి ఇస్తారు. ఇది ‘ఎ’ రకానికే పనికొస్తుంది. రక్తస్రావాన్ని నివారిస్తుంది తప్ప మొదలైన దాన్ని ఆపదు. కేరళ ప్రభుత్వం 2024లో 18 ఏళ్లలోపు బాధితులందరికీ ఈ మందు ఇవ్వాలని నిర్ణయించింది. నెలకోసారి ఇచ్చే మందు అయితే పల్లె నుంచి పట్నానికి తిరిగే తిప్పలు తగ్గుతాయి. దూరభారం ఎక్కువగా ఉన్న మన జిల్లాకు ఇది ఆలోచించదగ్గ మార్గం.

జన్యుచికిత్సలో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల ముందడుగు వేసింది. తీవ్ర ‘ఎ’ రకం ఉన్న ఐదుగురికి వారి మూలకణాల్లోనే సరైన జన్యువును చేర్చి తిరిగి ఎక్కించారు. ఆ తర్వాత పరిశీలన కాలంలో వారికి రక్తస్రావం కాలేదు. ఈ ఫలితాలు 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. ఇది ఇంకా పరిశోధన దశలోని చికిత్స. దీనికోసం ఎదురుచూస్తూ చేతిలోని మందు మానరాదు.

జిల్లాకు ఎంత కావాలి?

జనాభాలో తలకు కనీసం ఒక యూనిట్ ఎనిమిదో ఫ్యాక్టర్ అందుబాటులో ఉంటేనే బాధితులు ప్రాణాలతో మనగలరని ప్రపంచ సమాఖ్య చెబుతున్న కొలమానం. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా పరిధిలోని జనాభా 18.40 లక్షలు. ఆ లెక్కన ఏడాదికి కనీసం 18.40 లక్షల యూనిట్లు కావాలి. ఇది బతికి ఉండటానికి సరిపోయే మోతాదు మాత్రమే. కీళ్లను కాపాడాలంటే అంతకు రెండు మూడింతలు అవసరం. పది వేల మందికి ఒకరన్న స్థూల అంచనాతో చూస్తే జిల్లాలో అన్ని స్థాయిలవారు కలిపి 180 మంది దాకా ఉండవచ్చు. ప్రతి ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ కార్యకర్త తమ పరిధిలో ‘నెత్తురు ఆగని పిల్లలు’ ఉన్నారా అని ఒక్క ప్రశ్న అడిగి రాస్తే అసలు సంఖ్య తేలుతుంది. సంఖ్య తేలితేనే నిధులు అడిగే ఆధారం దొరుకుతుంది.

చేయవలసినవి.. చేయకూడనివి

* రక్తస్రావం మొదలైతే ఆ భాగాన్ని కదపకుండా ఉంచాలి. గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టాలి. మెత్తటి కట్టు కట్టి, కాలు లేదా చేయి ఎత్తులో ఉంచి ఆస్పత్రికి బయల్దేరాలి.
* తలకు, మెడకు, కడుపుకు దెబ్బ తగిలితే లక్షణాల కోసం వేచిచూడరాదు. ముందు ఫ్యాక్టర్ వేయించి తర్వాతే స్కానింగ్ చేయించాలి. 108ను పిలిచినప్పుడే వ్యాధి పేరు చెప్పాలి.
* నొప్పికి ఆస్ప్రిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వాడరాదు. వైద్యుని సలహాతో పారాసిటమాల్ వాడవచ్చు.
* కండరానికి ఇంజెక్షన్ వేయించరాదు. టీకాలు మానకూడదు. సన్నని సూదితో చర్మం కింద వేయించి, వేసిన చోట కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి.
* పన్ను పీకించడం, సున్నతి, చెవులు కుట్టించడం వంటివి ఫ్యాక్టర్ సిద్ధం చేసుకోకుండా చేయించరాదు.
* రక్తస్రావం లేని రోజుల్లో ఈత, నడక, ఫిజియోథెరపీ వ్యాయామాలు చేయాలి. కండరం బలంగా ఉంటే కీలుకు రక్షణ.
* పాఠశాల ప్రధానోపాధ్యాయునికి వ్యాధి సంగతి రాతపూర్వకంగా తెలపాలి. పిల్లవాణ్ని బడి మాన్పించడం పరిష్కారం కాదు.

దరఖాస్తుకు సిద్ధం చేసుకోవలసినవి

ఫ్యాక్టర్ అస్సే నివేదిక, ప్రభుత్వ వైద్యుని ధ్రువీకరణ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలతో ఒక దస్త్రం తయారు చేసుకోవాలి. ప్రతి పత్రానికీ రెండు నకళ్లు ఉంచుకోవాలి. పింఛనుకు, సదరం స్లాటుకు గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయాలి. వైద్య సంబంధమైన ధ్రువీకరణకు పుట్టపర్తిలోని జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయాన్ని సంప్రదించాలి. దరఖాస్తు ఇచ్చిన ప్రతిచోటా రసీదు తీసుకోవాలి.

ఆస్పత్రిలో ఫ్యాక్టర్ లేదని చెబితే ఆ మాటనే చీటీపై తేదీతో రాసి ఇమ్మని అడగాలి. పేరు, బరువు, వ్యాధి రకం, నెలకు కావలసిన యూనిట్లు రాసిన అర్జీని సోమవారాల్లో పుట్టపర్తి కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు. ఒక కుటుంబం అర్జీ విడి సమస్యగా మిగిలిపోవచ్చు. మూడు పట్టణాల బాధితులు పేర్లు కలిపి ఒకే జాబితాగా ఇస్తే అది ప్రణాళికలో చేరవలసిన అంకె అవుతుంది. మందుల కొనుగోలుకు అధికారులకు కావలసింది ఆ అంకెే.